వెనీర్లు వేయించుకున్నాక ఏది కొనాలి, ఏది మానాలి: అంచు చూసి ఎంచుకోండి

నా పైవరుసలో ముందరి ఆరు పళ్లకు వెనీర్లు, అంటే పన్ను ముందువైపు అతికించే పలచటి పెంకులు, వేయించుకుని నాలుగేళ్లవుతోంది. చిన్నప్పుడు మా ఊరి బోరునీళ్లు తాగి పళ్ల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. రాయలసీమలో ఇలాంటి పళ్లు చాలామందికి ఉంటాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. మా చిన్నతనంలో ఆ సంగతి ఎవరికి తెలుసు?

వెనీర్లతో ఇంటికొచ్చిన రోజు మా వదిన చూసి, "ఇంకేం, నీ పళ్లకిక పురుగు పట్టే పనే లేదు" అంది. నేనూ అదే నమ్మాను. రెండో ఏడు క్లీనింగుకి వెళ్తే డాక్టరమ్మ కొక్కెం లాంటి సన్నటి సూదితో ఎడమవైపు రెండో పన్ను పక్కన మెల్లగా గీసి చూసి, అద్దం నా చేతికిచ్చింది. వెనీరు తళతళా మెరుస్తోంది. దాన్ని ఆనుకునే, పన్నుకీ పన్నుకీ మధ్య సందులో, వెంట్రుకంత సన్నటి గోధుమరంగు గీత.

"సందుల్లో ఫ్లాస్ దారం పెట్టడం లేదు కదమ్మా?" అని అడిగింది.

పెట్టడం లేదు. రోజూ రెండుసార్లు బ్రష్ చేస్తున్నాను కదా, చాలనుకున్నాను. అదృష్టం కొద్దీ పుచ్చు పైపైనే ఉంది. కాస్త తొలిచి ఫిల్లింగ్ పెట్టింది, వెనీరు దక్కింది. ఇంకో ఏడాది ఆలస్యమైతే వెనీరు తీసేసి పన్నంతా క్యాపు వేయాల్సి వచ్చేదట.

వెనీరు పుచ్చదు. కానీ అది పన్ను ముందువైపు అతికించిన పెంకు మాత్రమే, మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. పన్ను వెనకభాగం, చిగురు దగ్గరి భాగం, సందుల్లో చాలావరకు మన సొంత పన్నే. పాచి పేరుకునేది పెంకూ పన్నూ కలిసే ఆ అంచు దగ్గర. కాఫీ మరక దిగేదీ, పుచ్చు మొదలయ్యేదీ అక్కడే. అందుకే ఇప్పుడు ఏది కొనాలన్నా ఒక్కటే చూస్తాను: ఇది నా వెనీరు అంచుకి మంచి చేస్తుందా, చెడు చేస్తుందా?

ముందు మీ నోట్లో ఉన్నదేమిటో తెలుసుకోండి

మన దగ్గర పంటికి ఏం వేసినా "క్యాపు" అనేస్తాం. క్యాపు పన్ను చుట్టూ కప్పుతుంది, వెనీరు ముందువైపే ఉంటుంది. వెనీర్లలో ఎక్కువగా వేసేవి రెండు రకాలు. ల్యాబులో తయారుచేసి తెచ్చి అతికించేది పింగాణీ వెనీరు, ఈ-మ్యాక్స్ అని చెబితే అది ఈ కోవలోదే. డాక్టరు కుర్చీ దగ్గరే పంటి మీద పొరలు పొరలుగా పెట్టి లైటుతో గట్టిపరిచేది కాంపోజిట్.

పింగాణీ జాగ్రత్తగా చూసుకుంటే మామూలుగా పది పదిహేనేళ్లు వస్తుంది, కాంపోజిట్ ఐదు నుంచి ఏడేళ్లు. పింగాణీ మీద మరక నిలవదు. అయితే దాన్ని పంటికి అతికించిన జిగురు అంచు దగ్గర మరక పట్టగలదు. కాంపోజిట్ మెత్తన. ఫిల్టర్ కాఫీ, పసుపు, తాంబూలం, ఏ రంగైనా మెల్లగా లోపలికి దిగుతుంది. అది చిట్లితే మాత్రం ఒక్క పూటలో సరిచేయొచ్చు, పింగాణీకి ఆ సౌకర్యం తక్కువ.

ఇంకా వేయించుకోనివాళ్లు అడిగితే నేను చెప్పేది ఇది. రోజుకు మూడు నాలుగు కాఫీలు లేనిదే గడవనివాళ్లకు పింగాణీ నయం. వయసు చిన్నదైతే, లేదా ఒకటి రెండు పళ్ల ఆకారం సరిచేసుకుంటే చాలనుకుంటే కాంపోజిట్‌తో మొదలుపెట్టడం మంచిది, దానికి పన్నును చెక్కే పని చాలా తక్కువ. చెక్కిన ఎనామెల్, అంటే పంటి మీది గట్టి పైపొర, మళ్లీ రాదు. పైగా వెనీరు పట్టు అంతా ఆ ఎనామెల్ మీదే ఉంటుంది. ఎనామెల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే ప్లాస్టిక్ లాంటి పదార్థం గట్టిగా అంటుకుంటుందని 1955లో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు చూపించాడు. ఈనాటికీ వెనీర్లు నిలిచేది ఆ కిటుకు మీదే. దాని లోపలి పొర డెంటిన్ బయటపడేదాకా చెక్కితే పట్టు అంత గట్టిగా ఉండదు. కాబట్టి "ఎంత చెక్కుతారు డాక్టర్?" అని అడగడానికి మొహమాటపడొద్దు. మిగతా పళ్లు తెల్లబరుచుకోవాలనుకుంటే అదీ ముందే చేయించుకుని, ఓ రెండు వారాలు ఆగి వెనీర్లకు వెళ్లాలి. తర్వాత బ్లీచింగ్ చేస్తే సొంత పళ్లు తెల్లబడతాయి, వెనీరు రంగు మాత్రం మారదు.

పళ్లపొడి, వేపపుల్ల, పేస్టు

మా ఇంట్లో మామయ్యది వేపపుల్ల, అత్తది ఎర్ర పళ్లపొడి. ఎవరి అలవాటు వాళ్లది, వాళ్ల పళ్లు వాళ్లవి. వెనీర్లున్న నోటికి మాత్రం ఈ రెండూ పనికిరావని గట్టిగా చెబుతాను. ఎర్ర పళ్లపొడుల్లో చాలావాటిలో గేరుమట్టి ఉంటుంది. దాన్ని వేలితో రుద్దడమంటే సన్నటి ఉప్పుకాగితంతో రుద్దడమే. బొగ్గుపొడి, ఈమధ్య నల్లటి ట్యూబుల్లో వస్తున్న చార్‌కోల్ పేస్టులు కూడా అంతే. పింగాణీ మీది నునుపు తగ్గిపోతుంది, కాంపోజిట్ అయితే ఇంకా తొందరగా గీతలు పడుతుంది. గీత పడ్డచోట పాచి కూర్చుంటుంది, మరక కూర్చుంటుంది. వేపపుల్ల చేదు నోటికి హాయిగానే ఉంటుంది కానీ దాని పీచు చిగురు దగ్గరి అంచు మీద ఎంత బలంగా రాసుకుంటోందో మన చేతికి తెలియదు.

వైటెనింగ్ అని రాసి ఉన్న పేస్టులూ వద్దు. వాటిలో చాలావరకు పంటి పైమరకను గీకి తీసేవే.

మరి ఏది కొనాలి? గరుకుతనం తక్కువగా ఉండే, ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు. పేస్టు గరుకుతనాన్ని ఆర్‌డీఏ అనే అంకెతో కొలుస్తారు. 250 దాకా అనుమతి ఉంది కానీ 70 లోపు ఉన్నవాటిని మెత్తనివిగా లెక్కేస్తారు. మన దగ్గర ట్యూబు మీద ఈ అంకె వేయడం అరుదు, అందుకే డాక్టరునే పేరు రాసిమ్మని అడగండి. నేను ఇంకో పని కూడా చేస్తాను. కొత్త ట్యూబు తెచ్చినప్పుడు బటాణీ గింజంత పేస్టు తీసి రెండు వేళ్ల మధ్య రుద్దుతాను. ఇసుకలా తగిలితే అది సింకు తోమడానికే.

ఫ్లోరైడ్ అనగానే మనవాళ్లు ఉలిక్కిపడతారు. "ఆ ఫ్లోరైడ్ వల్లే కదా మచ్చలు పడ్డాయి, మళ్లీ అదే పెట్టి తోమాలా?" అని మా చెల్లెలు నన్ను నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. మచ్చలు పడేది పళ్లు చిగుళ్ల లోపల ఇంకా తయారవుతున్న వయసులో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగడం వల్ల. పెద్దయ్యాక పళ్లకు కొత్తగా ఆ మచ్చలు పడవు. పేస్టులోని ఫ్లోరైడ్ పంటికి పైపూతలాగా పనిచేస్తుంది, ఆమ్లానికి కరగడం మొదలైన ఎనామెల్‌ను మళ్లీ గట్టిపరుస్తుంది. తోమి ఉమ్మేస్తాం, మింగం. వెనీరు అంచు పక్కనున్న సొంత పంటికి దాన్ని మించిన కాపలా లేదు. 1000 పీపీఎం ఫ్లోరైడ్ (పదిలక్షల పాళ్లకు వెయ్యి పాళ్లు) ఉన్న పేస్టు చాలు.

ఫ్లోరైడ్ విషయంలో జాగ్రత్త పడాల్సింది క్లినిక్‌లో. అక్కడ పట్టించే ఫ్లోరైడ్ జెల్లుల్లో ఆమ్లం కలిసిన రకం ఒకటుంది, అది పింగాణీ మెరుపును తినేస్తుంది. "నాకు వెనీర్లున్నాయి, ఆమ్లం లేని న్యూట్రల్ ఫ్లోరైడ్ పెట్టండి" అని ముందే చెప్పాలి.

బ్రష్ సంగతి ఒక్కమాటలో తేలిపోతుంది. సాఫ్ట్ అని రాసి ఉన్నది, మూడు నెలలకోసారి మార్చేది. కరెంటు బ్రష్ మంచిదే, ముఖ్యంగా గట్టిగా నొక్కితే ఆగిపోయే రకం. చేత్తో మెల్లగా రెండు నిమిషాలు తోమేవాళ్లకు దాని అవసరం లేదు.

సందుల్లోకి: దారమా, చిన్న బ్రషా, నీళ్ల మిషనా

నేను దెబ్బతిన్నది ఇక్కడే, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

ముందరి పళ్ల మధ్య సందులు బిగుతుగా ఉంటాయి. అక్కడికి బ్రష్ పోదు. అందులోకి దిగేది ఫ్లాస్ దారం ఒక్కటే. మూర దారం తుంచి, రెండు చేతుల మధ్యవేళ్లకు చుట్టుకుని, మధ్యలో రెండంగుళాలు మాత్రం వదిలి బిగించి పట్టుకోవాలి. రంపం కోసినట్టు ముందుకీ వెనక్కీ కదిలిస్తూ మెల్లగా దింపాలి, ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది. దిగాక దారాన్ని ఒక పన్నుకు ఆనించి, అరచందమామలా వంచి, పైకీ కిందికీ నాలుగుసార్లు తుడవాలి. అదే సందులో రెండో పన్నుకూ అలాగే. మొదటి వారం నాకు పది నిమిషాలు పట్టేది, చిగుళ్లలోంచి రక్తం కూడా వచ్చింది. భయపడి మానేయబోయాను. మానొద్దనీ, పాచి వల్ల వాచిన చిగురు కాబట్టే రక్తం వస్తోందనీ డాక్టరమ్మ చెప్పింది. రెండు వారాలకు ఆగిపోయింది. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల పని.

దారం మీకు ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఎప్పుడూ ఒకే సందులో పీచులు లేస్తున్నా, తెగిపోతున్నా అక్కడ వెనీరు అంచు గరుకుగా ఉందనో, పుచ్చు మొదలైందనో అనుమానించాలి. ఆ సందు ఏదో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చూపించండి.

వెనీర్లు ఊడిపోతాయేమోనని దారం పెట్టడానికి జంకేవాళ్లున్నారు. సరిగా అతికిన వెనీరు దారానికి ఊడదు. ఊడేది వెనీర్లు తయారయ్యేదాకా వేసే తాత్కాలిక పెంకులు. ఆ వారం పది రోజులు మాత్రం దారాన్ని పైకి లాగకుండా పక్కనుంచి లాగేయాలి.

పళ్ల మధ్య ఖాళీ ఉన్నవాళ్లకు, వయసుతోపాటు చిగుళ్లు కిందికి జారినవాళ్లకు దారం కంటే సందుల్లో దూర్చే చిన్న బ్రష్ బాగా పనిచేస్తుంది. సీసా కడిగే బ్రష్‌ను బొమ్మకు సరిపోయేంత చిన్నది చేసినట్టు ఉంటుంది. సైజు డాక్టరు దగ్గరే తేల్చుకోవాలి. బలవంతంగా దూరిస్తే మధ్యలోని తీగ అంచును గీరుతుంది.

నీళ్లు చిమ్మే మిషను, అదే వాటర్ ఫ్లాసర్, మూడింటిలోకీ ఖరీదైనది. పళ్లకు క్లిప్పులున్నవాళ్లకు, వేళ్లు సరిగా వంగని పెద్దవాళ్లకు అది వరం. ఇరుక్కున్న మెతుకులను బయటికి తోస్తుంది, చిగుళ్లకూ మేలు చేస్తుంది. కానీ పంటికి అతుక్కున్న జిడ్డు పాచిని రాసి తీసినట్టు నీళ్లు తీయలేవు. చేతులు బాగా ఆడేవాళ్లు ముందు దారం కొనండి, డబ్బుంటే దానికి తోడుగా మిషను కొనండి. దారానికి బదులుగా మాత్రం వద్దు.

పెళ్లి భోజనం అయ్యాక పిన్నీసు తీసి సందులు కెలికే అలవాటు ఇంకా పోలేదు మనకు. వెనీరు అంచు కింద పిన్ను మొన పెట్టి తిప్పితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మౌత్‌వాష్

రోజూ అవసరం లేదు. కావాలనిపిస్తే ఆల్కహాల్ లేనిది, ఫ్లోరైడ్ ఉన్నది తీసుకోండి, కాంపోజిట్ ఉన్నవాళ్లు మరీ. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది మాత్రం మందు. చిగుళ్లు వాచినప్పుడు డాక్టరు రాస్తే రెండు వారాలు వాడి ఆపేయాలి. దాన్ని నెలల తరబడి వాడుతూ, పైన కాఫీ టీలు తాగుతూ ఉంటే పళ్ల మీదా, కాంపోజిట్ మీదా, జిగురు అంచు మీదా గోధుమరంగు పొర కడుతుంది. బ్రష్ చేసిన వెంటనే కూడా దాన్ని పుక్కిలించొద్దు, పేస్టులోని నురగ దాని పనిని చెడగొడుతుంది. అరగంట ఆగండి. నువ్వులనూనె పుక్కిలించేవాళ్లు అది చేసుకోవచ్చు, నష్టం లేదు. బ్రష్‌కీ దారానికీ అది బదులు కాదు.

రాత్రి పళ్లు నూరేవాళ్లకు గార్డు

పొద్దున లేవగానే దవడలు పట్టేసినట్టున్నా, పక్కన పడుకున్నవాళ్లు "రాత్రంతా పటపటా నూరుతున్నావ్" అన్నా వెనీర్లకు అదే పెద్ద ప్రమాదం. పింగాణీ గట్టిదే కానీ పెళుసు, రాత్రుళ్లు పడే ఆ ఒత్తిడికి అంచులు చిట్లుతాయి.

ఆన్‌లైన్‌లో దొరికే, వేడినీళ్లలో ముంచి కొరికితే ఆకారం వచ్చే గార్డులు చవక. అయితే మెత్తగా ఉంటాయి, కొందరు వాటిని చూయింగ్ గమ్‌లా ఇంకా ఎక్కువ నములుతారు. సరిగా కుదరకపోతే ఒత్తిడంతా ఒకట్రెండు పళ్ల మీదే పడుతుంది. డాక్టరు అచ్చు తీసి ల్యాబులో చేయించే గట్టి యాక్రిలిక్ గార్డు ఖర్చెక్కువ, కానీ బరువు అన్ని పళ్ల మీదా సమంగా పడుతుంది. ఆరు వెనీర్లకు పెట్టిన డబ్బుతో పోలిస్తే అదెంత? ఇక్కడ పొదుపు చేయొద్దు. వేడినీళ్లతో కడగకండి, ఒంకరపోతుంది. మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్, గాలి ఆడే డబ్బా చాలు.

తినేటప్పుడు ఏ పళ్లతో

వెనీరు వేయించుకుంటే ఇది తినొద్దు, అది తినొద్దని పెద్ద జాబితా ఇస్తారు. మన ఊళ్లో ఉంటూ లడ్డూ తినొద్దంటే ఎవరు వింటారు? తినొచ్చు. తిరుమల లడ్డూలో జీడిపప్పు, ఎండుద్రాక్షతోపాటు కలకండ పలుకులు వస్తాయి. లడ్డూను చేత్తో చిదిపి, చిన్న ముక్కలు చేసుకుని దవడపళ్లతో నమలండి. కలకండ పలుకు తగిలితే చప్పరించండి. మొత్తం లడ్డూను ముందరి పళ్లతో కొరికినప్పుడు ఆ పలుకు సరిగ్గా వెనీరు కొసన పడితే పెచ్చు లేస్తుంది. నిప్పట్లూ అంతే, విరుచుకుని తినాలి. చెనిక్కాయలు వేళ్లతో ఒలుచుకోవాలి. చెరుకు ముక్కలు కోయించుకోవాలి. నాటుకోడి పులుసులో ఎముకల జోలికి ముందరి పళ్లను పోనీయొద్దు. సంగటికి అసలు ఇబ్బందే లేదు.

చిత్తూరు వైపు మామిడికాయల కాలంలో తోతాపురి ముక్కల మీద ఉప్పూకారం చల్లుకుని తినడం ఆగదు. ఆ పులుపు వెనీరును ఏమీ చేయదు, పక్కనున్న సొంత ఎనామెల్‌ను కాసేపు మెత్తబరుస్తుంది. తిన్నాక నీళ్లతో పుక్కిలించి, అరగంట దాటాకే బ్రష్ పట్టాలి.

తిండి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి వేరే అలవాట్లు. మల్లెపూలు కట్టి చివర దారం పంటితో తెంపడం, జడపిన్ను పళ్లతో విప్పడం, షాంపూ ప్యాకెట్టు చింపడం. నా చెయ్యి ఇప్పటికీ అలవాటు కొద్దీ దారాన్ని నోటి దగ్గరికి తీసుకెళ్తుంది. అందుకే పూలబుట్టలోనే ఒక చిన్న కత్తెర వేసి పెట్టుకున్నాను.

చూపించుకోవడానికి దగ్గరా, దూరమా

తిరుపతివాళ్లు చెన్నైకో బెంగళూరుకో, చిత్తూరువాళ్లు వేలూరుకో వెళ్లి వెనీర్లు వేయించుకోవడం మామూలే. వేయించుకోవడం అక్కడ సరే. ఆర్నెల్లకోసారి క్లీనింగుకి మాత్రం దగ్గర్లోని డాక్టరునే ఎంచుకోండి. దూరమైతే "వచ్చేనెల పోదాంలే" అంటూ ఏడాది గడిచిపోతుంది, అంచు దగ్గర పుచ్చుకు అంత సమయం చాలు. తిరుపతిలో డెంటల్ కాలేజీ ఉంది, ఊరి నిండా క్లినిక్‌లున్నాయి.

దగ్గరి డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో వెళ్లొద్దు. వెనీర్లు వేసినచోట ఒక కాగితం అడిగి తీసుకోండి: ఏ పళ్లకు వేశారు, పింగాణీయా కాంపోజిటా, ఏ కంపెనీది, రంగు నంబరు ఏ1ఆ బీ1ఆ, ఏ సిమెంటుతో అతికించారు, తేదీ. నేను ఆ కాగితం ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను. క్లీనింగ్ మొదలుపెట్టే ముందు చూపిస్తాను. ఎందుకంటే గార తీసే మిషను మొనను వెనీరు అంచు మీద నేరుగా ఆనిస్తే పెచ్చు లేచే ప్రమాదం ఉంది, అక్కడ చేతి పరికరంతో తీయాలి. సోడా పొడి చిమ్మి పాలిష్ చేసే పద్ధతి కూడా వెనీర్ల మీద వద్దు, ముఖ్యంగా కాంపోజిట్ మీద. ఈ మాట వినగానే విసుక్కునే చోటు కంటే "చూపించండమ్మా" అని కాగితం చేతిలోకి తీసుకునే చోటు మేలు.

చిట్లితే, ఊడితే

చిన్న పెచ్చు లేస్తే నునుపు చేసి వదిలేయొచ్చు, లేదా కాంపోజిట్‌తో పూడ్చొచ్చు. పింగాణీ అడ్డంగా పగిలితే కొత్తది వేయించుకోవడమే. అతుకులేసి లాగితే ఆ గీత వెంట మరక దిగుతుంది. కాంపోజిట్ రంగు మారితే ముందు పాలిష్ అడగండి, చాలాసార్లు దానితోనే తేటబడుతుంది.

మొత్తంగా ఊడొస్తే కంగారుపడకండి. పగలకుండా ఉంటే చాలాసార్లు అదే పెంకును మళ్లీ అతికిస్తారు. నీళ్లతో మెల్లగా కడిగి, దూది పరిచిన చిన్న డబ్బాలో పెట్టుకుని ఒకట్రెండు రోజుల్లో వెళ్లండి. చల్లనివి తగిలితే ఆ పన్ను జివ్వుమంటుంది, గోరువెచ్చటి నీళ్లు తాగండి. ఇంట్లో ఉన్న సూపర్ గ్లూతో మాత్రం అతికించొద్దు. అది చిగురును కాలుస్తుంది, పైగా పెంకు లోపలివైపు గట్టిపడిన ఆ జిగురును గీకి తీసేసరికి పెంకే మళ్లీ పనికిరాకుండా పోవచ్చు.